పిక్కబలం

మా మేనమామది చంద్లాపూరు. సిద్దిపేట జిల్లా, చిన్నకోడూరు మండలం. ఊరి పేరు చెప్పగానే ఇప్పుడు అందరికీ గుర్తుకు వచ్చేది రంగనాయకసాగరం. 3 టి.ఎం.సి.ల జలాశయం. మామ పడుచువయస్సులో మోట కొట్టిన బావి ఆ నీళ్ల అడుగున ఎక్కడో వుంది. "నా బాయి మునిగితే మునిగింది గాని, నీళ్లల్లనే గదా మునిగింది! ఎండిపోయి సావలె" అని తనను తానే సముదాయించుకుంటూ వుంటాడు. రోజూ పొద్దువాలే వేళకు కట్టమీదికి నడిచి వెళ్లి, బావి వుండిన దిక్కు కాసేపు చూసి రావడం ఆయనకు అలవాటు. వయస్సు డెబ్భయ్యెనిమిది.

సంక్రాంతి వెళ్లిన నాలుగోనాడు ఇంటి గడపలోనే కాలు మడతపడి పడ్డాడు. ఎడమ మడమకు పైన ఎముక చిట్లింది. పిండికట్టు వేశారు. ఆరు వారాల తరువాత విప్పారు. విప్పిననాడు నేను పక్కనే వున్నాను. కట్టులోనుంచి బయటపడిన కాలును చూసి మామ నవ్వాలో ఏడవాలో తెలియనట్టు నావైపు తిరిగాడు.

"అల్లుడా, గిది నా కాలు గాదు. ఎవనిదో తెచ్చి అతికిచ్చిండ్రు."

ఆ మాటలో అతిశయోక్తి లేదు. కుడికాలి పిక్క నిమ్మకాయ మింగిన పాములా నిండుగా వుంది. ఎడమకాలి పిక్క వున్నచోట తోలు వేలాడుతున్నది. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ రవికలు కొలిచే టేపు తెచ్చి కొలిచాను. కుడి పిక్క 33 సెంటీమీటర్లు, ఎడమది ఇరవైయేడున్నర.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి వుంది. కట్టు విప్పిన డాక్టరుగారు "రేపటినుంచే పాదం ఆడించాలి, మెల్లగా నడిపించాలి" అని స్పష్టంగా చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ మాటను కొట్టిపారేసినవాణ్ణి నేనే. ముప్పయ్యేళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి కావడంవల్ల ఇంట్లో నా మాటకు కొంత విలువ వుంది. "తొందరేముంది మామా, ఎముక బాగా గట్టిపడనీ. పడుకో" అన్నాను. అత్తమ్మకు ఆ మాట నచ్చింది. మామ పడుకున్నాడు. ఒక రోజు కాదు, రెండు నెలలు. మంచం దగ్గరికే పళ్లెం, మంచం దగ్గరికే చెంబు.

వేసవి సెలవులకు మళ్లీ వెళ్లి, "ఇక లే మామా" అంటే లేవబోయి మంచంమీదనే కూలబడ్డాడు. ఈసారి కట్టు వేసిన కాలే కాదు, దెబ్బ తగలని కుడికాలు కూడా వణికింది. "ఇగ మంచానికే రాసిపెట్టినట్టేనా అల్లుడా?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. పాఠాలు చెప్పానే గాని, కండ అంటే ఏమిటో నాకు సరిగా తెలియదని ఆనాడు అర్థమయింది. తిరిగి వచ్చి పుస్తకాలు ముందువేసుకున్నాను.

మోటకు కట్టే మోకు చూసినవాళ్లకు కండరం నిర్మాణం చెప్పడం సులువు. మోకును విప్పితే పురులు; పురిని విప్పితే దారాలు; దారాన్ని విప్పితే నార పోగులు. కండరమూ అంతే. కండరాన్ని విప్పితే కట్టలు, కట్టను విప్పితే తంతువులు. ఒక్కొక్క తంతువు ఒక జీవకణం. తల వెంట్రుకంత లావు, ఇంకా సన్నం కూడా వుంటుంది. కాని పొడవు మాత్రం కొన్నిచోట్ల అడుగుదాకా వుంటుంది. ఒకే కణం ఇంత పొడుగు పెరగడం విడ్డూరమే. ఆ తంతువును కూడా విప్పితే లోపల వందలకొద్దీ సన్నని పోగులు, ఆ పోగులో మళ్లీ రెండు రకాల సూక్ష్మమైన నూలు. ఒకటి లావుది, మయోసిన్. ఒకటి సన్ననిది, ఆక్టిన్. రెండూ మాంసకృత్తులే. ఇలాంటి తంతువుల కట్టలే ఒంట్లో ఆరువందల పైచిలుకు కండరాలుగా ఎముకలను అంటిపెట్టుకుని వున్నాయి. ఆరోగ్యంగా వున్న మగవాడి బరువులో ఇంచుమించు నూటికి నలభై వంతులు ఈ కండే. ఆడవాళ్లలో కాస్త తక్కువ.

కండ ముడుచుకుంటుందని మనకందరికీ తెలుసు. దండ మడిచి చిన్నపిల్లలకు "చూడరా నా బలం" అని చూపించని మగవాడు వుండడు. కాని ఎలా ముడుచుకుంటుంది? రబ్బరులా కుదించుకుపోతుందని చాలాకాలం అనుకున్నారు. అది పొరపాటని 1954 మే నెలలో తేలింది. ఆ నెల ఇంగ్లండులో వెలువడే 'నేచర్' పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు అచ్చయినాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్క్ అనే ఇద్దరు రాసినది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ అనే ఇద్దరు రాసినది. ఇద్దరూ హక్స్‌లీలే గాని ఒకరికొకరు చుట్టాలు కారు. ఇద్దరూ చెప్పింది ఒకటే: కండ ముడుచుకున్నప్పుడు లోపలి నూలుపోగులు ఏవీ కురుచ కావు. సన్నపోగులు లావుపోగుల నడుమకు జారతాయి, అంతే. రెండు చేతుల వేళ్లూ ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందులోకి ఒకటి దూర్చి చూడండి. వేళ్లు పొట్టివి కాలేదు, చేతుల మధ్య దూరం మాత్రం తగ్గింది.

మరి ఆ జారడం ఎలా? ఇక్కడ చేదబావి గుర్తు తెచ్చుకోవాలి. బావిలోనుంచి బొక్కెన తోడేటప్పుడు తాడును ఒక్క గుంజుడులో పైకి తేలేం. పట్టుకుంటాం, లాగుతాం, పట్టు వదిలి ఇంకాస్త కింద పట్టుకుంటాం, మళ్లీ లాగుతాం. మయోసిన్ పోగుకు పక్కలనుంచి చిన్నచిన్న తలలు పొడుచుకువచ్చి వుంటాయి. ఒక్కొక్క పోగుకు సుమారు మూడువందలు. అవి చేతుల్లాగా పక్కనున్న ఆక్టిన్ తాడును పట్టుకుని, లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. ఒక తల ఒక్క లాగులో జరిపేది మిల్లీమీటరులో లక్షోవంతు దరిదాపు. కోట్లకొద్దీ తలలు కలిసి లాగితే మామ మోకాలు మడతపడుతుంది.

ఒక తమాషా. ఈ చేతులకు లాగడం ఒక్కటే తెలుసు, నెట్టడం తెలియదు. మోటకు కట్టిన ఎద్దులు మోకును లాగగలవే గాని నెట్టలేవు కదా! అందుకే శరీరంలో కండరాలు జోడుగా వుంటాయి. చెయ్యి మడిచేది ముందున్న దండకండ, చాచేది వెనకనున్నది. మనం బండిని "నెట్టాం" అనుకున్నప్పుడు కూడా లోపల ఏదో ఒక కండ లాగుతూనే వున్నదన్నమాట.

లాగమని హుకుం ఇచ్చేది నాడి. మెదడునుంచి, వెన్నుపామునుంచి వచ్చిన నాడి కొస కండతంతువును తాకిన చోట ఒక రసాయనాన్ని చిలకరిస్తుంది. వెంటనే తంతువులోపల సంచుల్లో దాచివున్న కాల్షియం బయటకు వస్తుంది. కాల్షియం అంటే మన సున్నంలో వుండేదే. ఆకూ వక్కా ఎంత వున్నా సున్నం తగలందే తాంబూలం పండదు. కాల్షియం తగలందే మయోసిన్ చేతికి ఆక్టిన్ తాడు అందదు. హుకుం ఆగిపోగానే కాల్షియాన్ని మళ్లీ సంచుల్లోకి ఎత్తిపోస్తారు, కండ సడలుతుంది. ఒక్కొక్క నాడిపోగు చేతికింద కొన్ని తంతువులు వుంటాయి. కంటిగుడ్డును తిప్పే కండరంలో ఒక నాడిపోగుకు పది తంతువులు. పిక్కలో వెయ్యికి పైగా. సూదిలో దారం ఎక్కించే చూపుకు నాజూకు కావాలి. గట్టు ఎక్కే కాలికి బలం కావాలి. ప్రకృతి ఆ ప్రకారమే కూలీలను పంచింది.

అయితే కూలీలకు కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో మన తెలుగువాడు ఒకడు వున్నాడు. ఈ సంగతి చదివినప్పుడు నేను లేచి కూర్చున్నాను. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెబితే మనవాళ్లకు మందులు గుర్తుకు వస్తాయి. కాని ఆయన పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలలోకి మొదట ఎక్కింది మందులవల్ల కాదు, కండలవల్ల.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోతే తల్లి పట్టి తెచ్చిందని చెబుతారు. మద్రాసులో వైద్యం చదివి, కొంతకాలం అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920 దశకం మొదట్లో మామగారి సాయంతో అమెరికాలోని బోస్టన్ చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల పాత్రలు కడిగే పని చేస్తూ పగలు హార్వర్డ్‌లో చదువుకున్నారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర, రక్తంలోనూ కండలోనూ భాస్వరం ఎంత వున్నదో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. భాస్వరం వుంటే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కన అయితే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ఆ తరువాత దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది.

ఈ పద్ధతిలో కండను పరీక్షిస్తే ఒక చిక్కు వచ్చింది. నీలం రంగు వెంటనే రావలసినంత రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ మెల్లమెల్లగా చిక్కబడింది. మరొకరైతే మందు పాతబడింది అనుకుని పారబోసేవారే. వీరిద్దరూ పారబోయలేదు. కండలో భాస్వరం ఒంటరిగా లేదు, దేనితోనో అంటుకట్టుకుని వున్నది, ఆమ్లం తగిలి మెల్లగా విడిపోతున్నది అని ఊహించారు. ఆ జోడీదారు క్రియాటిన్ అని తేలింది. పిల్లి కండను కరెంటుతో పనిచేయిస్తే ఈ ఫాస్ఫో క్రియాటిన్ తరిగిపోయింది. విశ్రాంతినిస్తే మళ్లీ తయారయింది. 1927లో ఈ సంగతి ప్రకటించారు. ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా అదే సమయంలో ఈ పదార్థం ఆచూకీ తీశారు.

దాని ప్రాముఖ్యం తెలియాలంటే అంతకుముందు మాట చెప్పాలి. కండ ముడుచుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని అప్పటి పెద్దల మతం. కండలో ఆ ఆమ్లం పుట్టే తీరునూ, వేడి పుట్టే తీరునూ తేల్చినందుకు హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చి వుంది. అలాంటి రోజుల్లో హార్వర్డ్‌లో ఒక మూల ఒక పేద తెలుగు విద్యార్థి నీలం రంగు చూసుకుంటూ కూర్చుని ఆ సిద్ధాంతం పునాది కదిలించాడు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండలోనే మరో భాస్వర పదార్థం కనిపెట్టారు. అదే అడినోసిన్ ట్రై ఫాస్ఫేట్, పొట్టిగా ఏ.టి.పి. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ విడిగా కనిపెట్టాడు. మయోసిన్ చేతులకు కూలి ఇదే. కండకే కాదు, చీమనుంచి ఏనుగుదాకా జీవమున్న ప్రతి కణానికీ చెల్లుబాటయ్యే నాణెం ఇదేనని తరువాత తెలిసింది.

ఒక విశేషం. ఈ కూలి లాగడానికి మాత్రమే కాదు, పట్టు వదలడానికి కూడా కావాలి. ఏ.టి.పి. అందనిదే మయోసిన్ చెయ్యి తాడు వదలదు. ప్రాణం పోయిన కొద్ది గంటలకు శవం కట్టెలా బిగుసుకుపోతుంది. కారణం ఇదే: కూలి అయిపోయింది, చేతులు పట్టిన పట్టునే వుండిపోయాయి.

సుబ్బారావుగారు 1930లో హార్వర్డ్ డాక్టరేటు పొందినా అక్కడ ఆయనకు తగిన ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి, బోదకాలుకు నేటికీ వాడే హెట్రజాన్ వంటి మందులు రావడానికి కారకులయినారు. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయస్సులో పోయారు. 1995లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. కండబలం అనగానే మనవాళ్లు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారిని తలుచుకుంటారు. ఆయన ఇనుప గొలుసులు తెంచాడు, ఏనుగును రొమ్ముమీద నిలబెట్టుకున్నాడు, తలుచుకోవలసిందే. ఆ గొలుసు తెంచిన శక్తి పేరేమిటో చెప్పిన భీమవరం ఆయనను కూడా అదే నోటితో తలుచుకుంటే బాగుంటుంది.

ఈ కూలి ఖజానా చాలా చిన్నది. కండలో సిద్ధంగా వున్న ఏ.టి.పి. గట్టిగా పనిచేస్తే రెండు మూడు సెకండ్లకు చాలదు. అప్పుడు సుబ్బారావుగారి ఫాస్ఫో క్రియాటిన్ చేబదులు ఇస్తుంది. అది మరో పది సెకండ్లు. ఆ తరువాత కండలో నిలువవున్న చక్కెరను విరగ్గొట్టుకోవాలి. ఇంకా పని సాగాలంటే ఊపిరితిత్తులు, గుండె కలిసి ప్రాణవాయువును అందించాలి. బస్సు వెనక పది గజాలు పరుగెత్తడం వేరు, కొమురవెల్లి మల్లన్నకు కాలినడకన పోవడం వేరు. రెంటికీ కండలు కూడా వేరే రకం. మాంసం తినేవాళ్ల ఇంట్లో దీనికి సాక్ష్యం వుంది, శాకాహారులు క్షమించాలి. నాటుకోడి తొడమాంసం ఎర్రగా వుంటుంది, రొమ్ముమాంసం తెల్లగా వుంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, ఎగరడం మాత్రం గోడదాకా. ఎర్రది అలుపెరగని కండ, తెల్లది ఆరంభశూరత్వం. మనలో రెండూ కలిసే వుంటాయి.

మనిషి రోజంతా చేయగల పని ఎంత? గట్టి కూలివాడు సాయంత్రందాకా సాగించగలిగింది సుమారు 75 వాట్లు. ఇంట్లో వెనకటి గుండ్రటి బల్బు ఒకటి వెలిగేంత! చంద్లాపూరు భూగర్భంలో వున్న పంపులు నాలుగు. ఒక్కొక్కటి 130 మెగావాట్లకు పైబడినది. 2020 ఏప్రిల్ 24న వాటిలో మొదటిదానికి మీట నొక్కి రంగనాయకసాగరంలోకి నీరు వదిలారు. ఒక్క పంపుకు సాటిరావాలంటే 17 లక్షలమంది కూలీలు కలిసి తోడాలి. ఈ లెక్క మామకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "గందుకే మోట ఇడిసిపెట్టినం" అన్నాడు.

అయితే మామ పిక్కలోనూ ఒక ఎత్తిపోతల పథకం వుంది. పాదాల్లోకి దిగిన నెత్తురు నాలుగడుగుల పైనున్న గుండెకు ఎక్కాలి. పిక్కకండ ముడుచుకున్నప్పుడల్లా లోపలి సిరలను పిండుతుంది. సిరల్లో తలుపులు వున్నాయి, నెత్తురును పైకి పోనిస్తాయి గాని కిందికి రానివ్వవు. నడిచే మనిషికి ప్రతి అడుగూ ఒక తోడుడు. మంచంమీద కాళ్లు వేలాడేసి కూర్చున్న మామకు సాయంత్రానికి పాదాలు ఎందుకు ఉబ్బుతున్నాయో, అత్తమ్మ "నీరు పట్టింది" అని ఎందుకు భయపడుతున్నదో ఇది చదివాక నాకు తెలిసింది. పాదాలు ఉబ్బడానికి గుండె, మూత్రపిండాల జబ్బులూ కారణం కావచ్చు గనుక ముందు డాక్టరుకు చూపించాం. అవేమీ లేవు. పంపు ఆగింది, అంతే.

మంచం చేసిన నష్టం ఎంతో కూడా తెలిసింది. 2007లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశీలనలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లు పన్నెండుమందిని పదిరోజులు మంచం దిగకుండా వుంచారు. ఆ పదిరోజులకే కాళ్లల్లో సుమారు ఒక కిలో కండ పోయింది. నేను మామను పడుకోబెట్టింది అరవై రోజులు. ఆ లెక్క చదివి పుస్తకం మూసేశాను.

మళ్లీ తెరిపించింది ఇంకొక పరిశీలన. అది జరిగింది బోస్టన్‌లోనే. 1990లో అక్కడ ఒక వృద్ధాశ్రమంలో పదిమందిచేత, అందరూ ఎనభైయారునుంచి తొంభైయారేళ్ల నడుమవాళ్లు, ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. సానుభూతితో చిటికెన వేలంత బరువు కాదు, వాళ్ల శక్తికి గట్టిగా తగిలే బరువు. చివరకు వాళ్ల కాలిబలం సగటున దాదాపు రెండింతలకు పైగా పెరిగింది. తొంభయ్యేళ్ల కండ కూడా పిలిస్తే పలుకుతుంది. మామ ఇంకా డెబ్భయ్యెనిమిదేగా!

కట్టు విప్పిన డాక్టరుగారి దగ్గరికే మళ్లీ తీసుకువెళ్లాను. నేను చేసిన నిర్వాకం చెప్పుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. అది మరీ కష్టంగా వుంది. వ్యాయామ చికిత్స చేయించే అమ్మాయి దగ్గరికి పంపారు. ఆమె చెప్పినవి చాలా మామూలు పనులు. కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. దర్వాజా పట్టుకుని మునివేళ్లమీద లేవడం. మడమకు ఇసుక సంచి కట్టి కాలు చాచడం. పది, విరామం, పది. వారంలో కొన్ని రోజులు వదిలి చేయడం. తేలిక అయిందంటే బరువు పెంచడం. "తేలికగా చేస్తే కండకు కబురు అందదు తాతా" అని ఆమె ఒక్క మాటలో చెప్పింది, నేను రెండు నెలలు చదివింది.

మొదటినాడు మునివేళ్లమీద రెండుసార్లు లేచాడు. మూడోసారి లేవలేకపోయాడు. మర్నాడు లేని నొప్పి ఆ మర్నాడు పట్టుకుంది. అత్తమ్మ ఇసుక సంచి తీసుకుపోయి గోడవతల పారేసింది. "ముసలిమనిషిని సంపుతరా ఏంది?" అని నామీద లేచింది. ఆ నొప్పి లాక్టిక్ ఆమ్లంవల్ల అని నేను కూడా పిల్లలకు చెబుతూ వచ్చినవాణ్ణే. అది తప్పు. ఆ ఆమ్లం పని ఆపిన గంట రెండుగంటల్లో సర్దుకుంటుంది. అలవాటులేని పని చేసినప్పుడు, ముఖ్యంగా కండ సాగుతూ బరువు మోసినప్పుడు, లోపలి పోగులు అక్కడక్కడ చిట్లుతాయి. వాటిని బాగుచేసుకునే సందడే రెండోరోజు నొప్పి. తంతువు పక్కనే నిద్రపోతున్నట్టు వుండే కొన్ని కణాలు అప్పుడు లేచి వచ్చి చిట్లినచోట అతుక్కుంటాయి. కండ పెరగడమంటే తంతువుల సంఖ్య పెరగడం కాదు, వున్న తంతువులు లావెక్కడం. ఇదంతా అత్తమ్మకు చెప్పాను. ఆమె వినలేదు. చివరకు ఆ అమ్మాయి ఫోనులో "నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది అమ్మమ్మా, పోకపోతే నన్ను తిట్టండి" అంటే ఇసుక సంచి తిరిగి వచ్చింది. నొప్పి మూడోనాటికి పోయింది.

తిండి సంగతి అత్తమ్మకు అప్పగించాను. అందులో ఆమెతో పేచీ లేదు. ఇటుకలు లేకుండా మేస్త్రీ ఏంచేస్తాడు? పెద్దవయస్సువాళ్లకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు పైన మాంసకృత్తులు కావాలంటారు. మామ బరువు యాభైయైదు కిలోలు. ఆయన తినేది అన్నం, పచ్చిపులుసు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు వుంటాయి. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం గట్టిపప్పు, రాత్రి పెరుగు, నడుమ గుప్పెడు పల్లీలు. మూత్రపిండాల జబ్బు వున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఈ లెక్క పట్టుకోకూడదు. నూనెమర్దన కూడా కావాలని మామ అడిగాడు. హాయిగా వుంటుందంటే చేయించాం. దానితో కండ పెరగదు. పెరిగేటట్టయితే మర్దన చేసినవాడి చేతులకే పెరగాలి.

అయిదు వారాల తరువాత టేపు పెట్టి చూస్తే ఎడమ పిక్క ఇరవైయేడున్నరే. మామ ముఖం చిన్నబోయింది. కాని అంతకుముందు రెండుసార్లు మునివేళ్లమీద లేవలేనివాడు ఇప్పుడు తొమ్మిదిసార్లు లేస్తున్నాడు! టేపులో లేని బలం ఎక్కడిది? మొదటి వారాల్లో పెరిగేది కండ కాదు, నాడి. నిద్రపోతున్న కూలీలను ఒకేసారి పిలవడం నాడులు మళ్లీ నేర్చుకుంటాయి. కండ లావెక్కడం తరువాతి మాట. వానాకాలం నడిమికి ఇరవైతొమ్మిది; దసరా నాటికి ముప్పైన్నర. కుడికాలితో ఇంకా సమానం కాలేదు. కావచ్చు, కాకపోవచ్చు.

దసరా మరునాడు సాయంత్రం మామ కర్ర పట్టుకుని కట్టదాకా నడిచాడు. నేను వెనకే వెళ్లాను. మెట్లమీద మూడుచోట్ల ఆగాడు. ఆగిన ప్రతిచోటా పదిదాకా లెక్కపెట్టి మళ్లీ ఎక్కాడు. పైకి వెళ్లాక కర్ర ఎత్తి చూపించాడు.

"అగో, గక్కడ. నా బాయి."

నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. మామ మాత్రం చాలాసేపు చూశాడు. దిగేటప్పుడు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. "ఎక్కడంకన్నా దిగడమే కండకు దెబ్బ మామా, ఎల్లుండి నొప్పి పుడుతుంది" అని చెప్పాను.

"పుట్టనియ్" అన్నాడు.